కిలో పోటీ పోయాక హోయ్ ఏం చేశాడు? ట్రాక్ సైకిలిస్టు కెరీర్ గురించి ఒక తండ్రికి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అబ్బాయికి పదిహేనేళ్లు, గడియారంతో ఒంటరిగా పోటీపడే కిలోమీటరు టైమ్ ట్రయల్ (మేం కిలో అంటాం) మీద మనసు పడ్డాడు, కోచ్ మాత్రం అతన్ని ముగ్గురు కలిసి తొక్కే టీమ్ స్ప్రింట్‌లోకి, ఆ తర్వాత మోటారు సైకిల్ వెనక మొదలయ్యే కీరిన్‌లోకి తీసుకెళ్తానంటున్నారు. ఒకే పోటీని పట్టుకుని సాధన చేస్తేనే కదా ఛాంపియన్ అయ్యేది, బ్రిటన్ ట్రాక్ సైకిలిస్టు క్రిస్ హోయ్ కిలోతోనే కదా పైకొచ్చాడు అన్నది మీ వాదన. హోయ్ కిలోతో పైకొచ్చాడన్నది నిజమే. అయితే ఈ వాదనకు అతన్ని సాక్షిగా పిలిస్తే ఆ సాక్షి మీకే ఎదురు తిరుగుతాడు. మొదట రైడర్‌గా, తర్వాత పిల్లలకు నేర్పేవాడిగా నేను ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్ మీదే గడిపాను కాబట్టి, అతని కెరీర్‌ను మొదటి నుంచి చెప్పి, మీ అబ్బాయి సంగతి చివర్లో మాట్లాడతాను.

హోయ్ 1976 మార్చి 23న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. చిన్నప్పుడు ఒక సినిమాలో పిల్లలు బీఎంఎక్స్ అనే చిన్న చక్రాల సైకిళ్ల మీద పోలీసులను తప్పించుకుపోయే దృశ్యం చూసి తనకూ అలాంటిది కావాలని పట్టుబట్టాడు. పాత సామాన్లు అమ్మే చోట తల్లి 5 పౌండ్లకు ఒక సైకిల్ కొని తెచ్చింది. అక్కడి నుంచి పద్నాలుగేళ్ల వరకు అతను బీఎంఎక్స్ పోటీల్లో తిరిగాడు, బ్రిటన్‌లో తన వయసువాళ్లలో రెండో స్థానం దాకా వెళ్లాడు. ఆ తర్వాత బడిలో రగ్బీ ఆడాడు, పడవ పందేల్లో తెడ్డు వేశాడు, 1993లో బ్రిటిష్ జూనియర్ స్థాయిలో ఒక రజతం కూడా తెచ్చుకున్నాడు. సైకిల్ క్లబ్బులో చేరింది 1992లో. అంటే మీ అబ్బాయి వయసులో హోయ్‌కు కిలో అనే పోటీ మీద ప్రత్యేకమైన ఆశ ఏదీ లేదు. పేలుడులా బయటికొచ్చే కాళ్ల బలం బీఎంఎక్స్ నుంచి వచ్చింది, ఊపిరితిత్తులు పగిలిపోతున్నా తెడ్డు వదలని మొండితనం పడవ నుంచి వచ్చింది. ఆ రెండూ తర్వాత ఎక్కడ కలిశాయో మీరే చూస్తారు.

అతను ట్రాక్ నేర్చుకున్న మెడోబ్యాంక్ వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, 1970 కామన్‌వెల్త్ క్రీడల కోసం కట్టింది. చెక్క ట్రాక్, పైన కప్పు లేదు. వాన పడితే చెక్క జారుతుంది కాబట్టి ఎడిన్‌బరో వాతావరణంలో ఎన్ని సాయంత్రాలు వృథాగా పోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన ఆరుబయలు సిమెంటు ట్రాక్ మీద ఏప్రిల్ ఎండలో సైకిల్ తొక్కిన మనవాళ్లకు ఈ బాధను విడమరిచి చెప్పనవసరం లేదు. హోయ్ అదృష్టం ఎక్కడుందంటే, 1994లో మాంచెస్టర్‌లో కప్పు ఉన్న వెలోడ్రోమ్ తెరిచారు, 1997 నుంచి జాతీయ లాటరీ డబ్బు క్రీడాకారులకు నేరుగా అందడం మొదలైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రిటన్ మొత్తానికి దక్కింది ఒక్క స్వర్ణం, అది కూడా రోయింగ్‌లో. ఆ పరాభవం తర్వాత వచ్చిన డబ్బు, ఆ కప్పు లేకపోతే హోయ్ అనే ఛాంపియన్ ఉండేవాడు కాదన్నది నా గట్టి అభిప్రాయం. ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు కప్పు గురించి కూడా మాట్లాడాలి.

1999 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అతనికి టీమ్ స్ప్రింట్ రజతాలు వచ్చాయి. సిడ్నీలో కిలో స్వర్ణం గెలిచింది అతని జట్టులోనివాడే అయిన జేసన్ క్వీలీ. హోయ్ కిలోలో నిలదొక్కుకున్నది ఆ తర్వాతే. 2002లో మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడల స్వర్ణం, అదే ఏడాది కోపెన్‌హేగన్‌లో ప్రపంచ టైటిల్, 2004లో మెల్‌బోర్న్‌లో మరో ప్రపంచ టైటిల్ వచ్చాయి.

ఇక్కడ కిలో అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూపించాలి, ఎందుకంటే మీ అబ్బాయికి నచ్చింది అదే. 250 మీటర్ల ట్రాక్ మీద నాలుగు ల్యాపులు, ఒక్కడే. సైకిల్‌కు బ్రేకులుండవు, గేరు ఒక్కటే, చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరగాల్సిందే. వెనక చక్రాన్ని స్టార్టింగ్ గేటు పట్టుకుని ఉంటుంది. గడియారం వెనక్కి లెక్కపెడుతుంటే రైడర్ సీటు మీద నుంచి లేచి, ఒంటిని వెనక్కి లాగి, గేటు తెరుచుకునే క్షణానికి మొత్తం బరువును ముందుకు విసరాలి. కాస్త ముందైతే గేటు వెనక్కి గుంజుతుంది, కాస్త ఆలస్యమైతే కళ్లముందే పదో వంతు సెకను పోతుంది. పెద్ద గేరును నిలబడి ఉన్న చోటి నుంచి తిప్పడమంటే మొదటి నాలుగైదు తొక్కులు బండరాయిని తోస్తున్నట్టే ఉంటాయి. రెండో ల్యాపులో ఎగిరిపోతున్నట్టుంటుంది, కుర్రవాళ్లు మోసపోయేది అక్కడే. మూడో ల్యాపు చివర్లో తొడల్లోకి మంట దిగుతుంది, నాలుగో ల్యాపులో కాళ్లు మనవి కావు. దిగాక చాలామంది అరగంట సేపు నేల మీద ముడుచుకుని పడుకుంటారు.

నా మొదటి పెద్ద కిలోలో నేను గాలిని లెక్క చేయకుండా పెద్ద పళ్లచక్రం వేసుకుని వెళ్లాను. గేటు తెరుచుకుంది, సైకిల్ మాత్రం కదిలీ కదలనట్టు కదిలింది. వెనకవైపు తిన్నని దారిలో ఎదురుగాలి కొట్టేసరికి నాలుగో ల్యాపులో చూస్తున్నవాళ్లకే జాలేసి ఉంటుంది. తప్పు పూర్తిగా నాదే. గేరు విషయంలో మీ అబ్బాయి ఉత్సాహపడితే ఈ సంగతి చెప్పండి.

ఏథెన్స్‌లో, 2004లో, ప్రపంచ ఛాంపియన్ కావడం వల్ల హోయ్ చివరివాడిగా దిగాలి. అతని ముందు ఆస్ట్రేలియాకు చెందిన షేన్ కెల్లీ, జర్మనీకి చెందిన స్టెఫాన్ నింకె, ఫ్రాన్స్‌కు చెందిన ఆర్నో తూర్నాన్ వరుసగా ఒకరిని మించి ఒకరు దూసుకుపోయారు. తూర్నాన్ సమయం 1 నిమిషం 0.896 సెకన్లు. హోయ్ కుర్చీలో కూర్చుని ఆ కేకలన్నీ వింటున్నాడు. అతనితో పనిచేసిన మానసిక వైద్యుడు స్టీవ్ పీటర్స్ నెలల ముందే అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే: నీకు ముందు దిగినవాడు రికార్డు బద్దలుకొడితే నువ్వేం చేస్తావు? దానికి జవాబుగా హోయ్ ఒక అలవాటు చేసుకున్నాడు. ఎదుటివాడి సమయం గురించి ఆలోచన రాగానే తన పరుగును గేటు నుంచి గీత దాకా మనసులో ఒకసారి నడిపించుకోవడమే ఆ అలవాటు. ఆ రోజు అలాగే చేసి 1 నిమిషం 0.711 సెకన్లలో ముగించాడు. 0.185 సెకను తేడాతో ఒలింపిక్ స్వర్ణం అతనిదైంది.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే మీ వాదనే నిలిచేది. కానీ 2005లో, బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్‌కు చోటు కల్పించడం కోసం పురుషుల కిలోను, మహిళల 500 మీటర్ల టైమ్ ట్రయల్‌ను తీసేశారు. చిన్నతనంలో తనకు సైకిల్ ఎక్కడం నేర్పిన ఆటే తన పోటీని తీసేయడానికి కారణమైంది. హోయ్ వయసు అప్పుడు 29. ప్రపంచంలో ఆ పనిని అందరికన్నా బాగా చేసేవాడికి ఆ పనే లేకుండా పోయింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కిలో కొనసాగింది కాబట్టి 2006లో, 2007లో అతను మళ్లీ ఆ టైటిళ్లు గెలిచాడు, కాని లాటరీ డబ్బు ఒలింపిక్ పతకాల వెంట నడుస్తుంది. అక్కడ కిలో లేదు.

కిలోకు అతను పలికిన వీడ్కోలు కూడా వింతగానే సాగింది. 2007 మేలో బొలీవియాలోని లా పాజ్‌కు వెళ్లాడు. సముద్ర మట్టానికి 3,400 మీటర్ల ఎత్తున గాలి పలచగా ఉంటుంది, అందువల్ల సైకిల్‌కు అడ్డు తక్కువ, మనిషికి ఊపిరి కూడా తక్కువ. 2001లో అక్కడే తూర్నాన్ నెలకొల్పిన 58.875 సెకన్ల ప్రపంచ రికార్డును కొట్టాలన్నది అతని ప్రయత్నం. వచ్చిన సమయం 58.880. సెకనులో వెయ్యో వంతులు ఐదు! అదే పర్యటనలో అప్పటికే వేగం అందుకున్నాక లెక్కించే 500 మీటర్లను 24.758 సెకన్లలో ముగించి ఆ రికార్డును మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

అతని కెరీర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇక్కడి నుంచి బీజింగ్ వరకు గడిచిన కాలం. కిలో అంటే గడియారంతో పోటీ. కీరిన్, స్ప్రింట్ అంటే మనుషులతో పోటీ. కీరిన్‌లో ఆరేడుగురు ఒక మోటారు సైకిల్ వెనక వరుసగా తిరుగుతారు, దాని వేగం గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50 దాకా పెరుగుతుంది. ఆ రోజుల నియమం ప్రకారం అది రెండున్నర ల్యాపులు మిగిలి ఉండగా పక్కకు తప్పుకునేది. ఆ తర్వాత భుజాలు, మోచేతులు, ధైర్యం. స్ప్రింట్‌లో ఇద్దరే ఉంటారు, ముందు నడిచేవాడికి వెనకవాడు కనిపించడు, వెనకవాడికి గాలి తగలదు. అందుకే ఇద్దరూ నత్తల్లా నడుస్తారు, నిలబడిపోతారు కూడా, ఆ పైన ఒక్కసారిగా ట్రాక్ వంపులోని ఎత్తైన వాలు మీద నుంచి కిందికి దూకుతారు. గడియారం ముందు రాజులా వెలిగినవాళ్లు ఈ దాగుడుమూతల్లో తేలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

హోయ్ ఏం చేశాడంటే, కొత్త ఆటలో పాత ఆయుధాన్నే వాడాడు. చాలామంది స్ప్రింటర్లు చివరి 200 మీటర్ల కోసం కాళ్లు దాచుకుంటారు. కిలో కాళ్లున్న హోయ్‌కు ల్యాపున్నర దూరం నుంచే లేచి, అదే వేగాన్ని గీత దాకా నిలబెట్టే శక్తి ఉంది. ఎత్తులు నేర్చుకుంటూనే, ఎత్తులు ఎక్కువగా వేయాల్సిన అవసరం లేని విధంగా పోటీని పొడిగించాడు. 2007లో పాల్మాలో కీరిన్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2008లో మాంచెస్టర్‌లో కీరిన్‌తో పాటు స్ప్రింట్ కూడా గెలిచాడు. క్వార్టర్ ఫైనల్లో ఓడించింది అప్పటి మహారాజు, నెదర్లాండ్స్ రైడర్ థియో బాస్‌ను. 1954లో రెగ్ హారిస్ తర్వాత స్ప్రింట్ ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి బ్రిటిష్ పురుషుడు హోయే.

అదే ఏడాది ఆగస్టులో బీజింగ్‌లో మూడు స్వర్ణాలు వచ్చాయి: టీమ్ స్ప్రింట్, కీరిన్, స్ప్రింట్. ఒకే ఒలింపిక్స్‌లో ఒక బ్రిటిష్ క్రీడాకారుడు మూడు స్వర్ణాలు గెలవడం 1908లో ఈతగాడు హెన్రీ టేలర్ తర్వాత అదే మొదటిసారి. మీ కోచ్ మాటకు సంబంధించి టీమ్ స్ప్రింట్‌ను జాగ్రత్తగా గమనించండి. ముగ్గురు రైడర్లు కలిసి బయల్దేరతారు, ఒక్కో ల్యాపు తర్వాత ముందున్నవాడు పక్కకు తప్పుకుంటాడు. మొదటివాడికి కావలసింది గేటు నుంచి పేలుడు, ఒక్క ల్యాపుతో అతని పని ముగుస్తుంది. మూడోవాడు 750 మీటర్లూ తొక్కాలి, చివరి ల్యాపు ఒంటరిగా గాలిని చీల్చాలి. బీజింగ్‌లో జేమీ స్టాఫ్, జేసన్ కెన్నీ తర్వాత ఆ మూడో స్థానంలో ఉన్నది హోయ్. చూడబోతే అది ముప్పావు కిలో! ఒలింపిక్ జాబితాలో పేరు పోయిన పోటీ మరో పోటీ కడుపులో బతికే ఉందన్నమాట.

2009 ఫిబ్రవరిలో కోపెన్‌హేగన్ ప్రపంచ కప్ కీరిన్‌లో పడి తుంటి దగ్గర బాగా దెబ్బ తగిలించుకున్నాడు, ఆ ఏటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లలేకపోయాడు. 2010లో తిరిగొచ్చి కీరిన్ టైటిల్ గెలిచాడు. ఇంతలో నియమం మరోసారి మారింది. లండన్ ఒలింపిక్స్‌లో ఒక్కో వ్యక్తిగత పోటీకి ఒక్కో దేశం నుంచి ఒక్కరే అన్నారు. బీజింగ్ స్ప్రింట్ ఫైనల్లో తలపడిన హోయ్, కెన్నీ ఇద్దరూ బ్రిటన్‌వాళ్లే. ఈసారి ఇద్దరిలో ఒకరే. కెన్నీ హోయ్ కన్నా పన్నెండేళ్లు చిన్నవాడు, సెలెక్టర్లు అతన్నే ఎంచుకున్నారు, అతను స్వర్ణం తెచ్చాడు. స్వర్ణ విజేతగా ఉండి తన బిరుదును కాపాడుకునే అవకాశమే లేకుండా ప్రేక్షకుల్లో ఒకడిగా మిగలడం ఎంత కష్టమో ఆలోచించండి. హోయ్ ఆ నిర్ణయాన్ని బహిరంగంగా తప్పుపట్టలేదు.

అతనికి మిగిలింది టీమ్ స్ప్రింట్, కీరిన్. టీమ్ స్ప్రింట్‌లో ఫిలిప్ హిండ్స్, కెన్నీలతో కలిసి 42.600 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. 2012 ఆగస్టు 7న కీరిన్ ఫైనల్. హోయ్ తన పద్ధతిలోనే దూరం నుంచి లేచి ముందు నిలబడ్డాడు. ఆఖరి ల్యాపులో జర్మనీకి చెందిన మాక్సిమిలియన్ లెవీ పక్క నుంచి వచ్చి దాటేశాడు. ఆ వేగంలో దాటించుకున్నవాడు తిరిగి రావడం అరుదు, ఎందుకంటే కాళ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. హోయ్ లోపలి దారి వదలకుండా చివరి వంపులో మళ్లీ చక్రం చక్రంగా ముందుకొచ్చి గెలిచాడు. ఆ వీడియో దొరికితే మీ అబ్బాయికి ఆఖరి అర ల్యాపు ఒక్కటే పదిసార్లు చూపించండి. అది కీరిన్ తెలివి కాదు, కిలో నాలుగో ల్యాపు. వెనక కాంస్యం కోసం ఇద్దరు ఒకే క్షణంలో గీత దాటడంతో ఇద్దరికీ పతకాలిచ్చారు.

అలా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం. ప్రపంచ టైటిళ్లు 11: కిలోలో నాలుగు, కీరిన్‌లో నాలుగు, టీమ్ స్ప్రింట్‌లో రెండు, స్ప్రింట్‌లో ఒకటి. 2013 ఏప్రిల్‌లో విరమించాడు. 2014 కామన్‌వెల్త్ క్రీడలు సొంతగడ్డ గ్లాస్గోలో జరగబోతున్నాయి, అక్కడి వెలోడ్రోమ్‌కు అతని పేరే పెట్టారు. అయినా కేవలం దిగడం కోసం దిగనని, గెలిచే స్థాయిలో లేనని ఆగిపోయాడు. అతని ఆరు స్వర్ణాల లెక్కను టోక్యోలో కెన్నీ ఏడుతో దాటాడు. 2024లో హోయ్ తనకు నయం కాని క్యాన్సర్ ఉందని ప్రకటించి, ఆ జబ్బు పరీక్షల గురించి ఇతర పురుషులను అప్రమత్తం చేసే పనిలో పడ్డాడు.

ఒకే పోటీని జీవితాంతం పట్టుకున్నవాళ్లు లేరా అని మీరడగవచ్చు. ఉన్నారు. జపాన్‌కు చెందిన కోయిచి నకానో 1977 నుంచి 1986 వరకు వరుసగా పదిసార్లు ప్రొఫెషనల్ స్ప్రింట్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. కానీ అతని వెనక ఏముందో చూడాలి. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కీరిన్ పందేలు జనం డబ్బు కాసే పెద్ద వ్యవస్థ, దానిలో రైడర్‌కు జీవనోపాధి ఉంటుంది. ఒలింపిక్ జాబితా మారినా నకానో పొయ్యి ఆరేది కాదు. మన పిల్లలకు అలాంటి ఆసరా లేదు. ఇక్కడ ఉద్యోగమైనా, శిబిరమైనా, విదేశీ పర్యటనైనా పతకం వచ్చే పోటీ చుట్టూనే తిరుగుతుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. మన దేశంలో కప్పు ఉన్న చెక్క ట్రాక్ ఢిల్లీలోని ఇందిరా గాంధీ స్టేడియంలో ఉంది, 2010 కామన్‌వెల్త్ క్రీడలకు వేసింది. జాతీయ అకాడమీ కూడా అక్కడే. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మనకు వచ్చిన స్వర్ణం టీమ్ స్ప్రింట్‌లోనే, ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌ల కాళ్ల మీద. ఎసో అండమాన్ నికోబార్ కుర్రాడు. అంతకు ముందు ఏడాది జూనియర్ కీరిన్‌లో రజతం తెచ్చింది కూడా అతనే. మీ కోచ్ చెబుతున్న దారి గాలిలో గీసినది కాదన్నమాట.

కాబట్టి కోచ్ మాట వినమనే నా సలహా. అయితే ఒక ప్రశ్న ముందే అడగండి: మీ అబ్బాయిని టీమ్ స్ప్రింట్‌లో ఏ స్థానానికి తయారుచేస్తున్నారు? మొదటి స్థానానికైతే సాధన మొత్తం గేటు చుట్టూ, బరువుల చుట్టూ తిరుగుతుంది, కిలో క్రమంగా మరుగున పడుతుంది. మూడో స్థానానికైతే అతని ఇష్టానికి, కోచ్ ఆలోచనకు తగవే లేదు, రెండింటి సాధన దాదాపు ఒకటే. ఏ స్థానమో తేలాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. వారం విశ్రాంతి తర్వాత గాలి లేని ఒక ఉదయం ఒక కిలో తొక్కించి, ల్యాపు ల్యాపుకీ విడివిడిగా సమయం రాయించండి. మొదటి ల్యాపు తోటివాళ్లకన్నా బాగుండి, చివరి ల్యాపు కుప్పకూలితే అతను మొదటి స్థానపు కుర్రాడు. ఆరంభం మామూలుగా ఉండి, చివరి ల్యాపుకు తోటివాళ్లంతా పడిపోతున్నా అతని వేగం పెద్దగా తగ్గకపోతే మూడో స్థానం అతనిదే. ఒక్క రోజు కాగితాన్ని నమ్మకుండా నెల తర్వాత అదే గేరుతో, అదే వేళకు మళ్లీ తొక్కించి, రెండు కాగితాలూ కోచ్ ముందు పెట్టి మాట్లాడండి.